ఐగుప్తులో ఒక క్రైస్తవ నాయకుడు: మక్రం ఉబైద్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది

ఐగుప్తు అనగానే మనకు యోసేపు గుర్తుకు వస్తాడు. మోషే గుర్తుకు వస్తాడు. హేరోదు కత్తికి దూరంగా పసిబాలుడైన యేసును తీసుకుని రాత్రివేళ బయలుదేరిన తల్లిదండ్రులు గుర్తుకు వస్తారు. మన ప్రసంగాల్లో ఐగుప్తు చాలావరకు అక్కడితోనే ఆగిపోతుంది. కానీ ఆ దేశంలో మన విశ్వాస సహోదరులు నేటికీ ఉన్నారు. వారిని కోప్తులు అంటారు. సువార్తికుడైన మార్కు తమ సంఘానికి పునాది వేశాడని వారు తరతరాలుగా చెప్పుకుంటారు. ముస్లింలు అత్యధికంగా ఉన్న ఆ దేశంలో శతాబ్దాలుగా ఆ దీపాన్ని ఆరనీయకుండా కాపాడుకుంటూ వస్తున్నారు.

ఆ సంఘంలో పుట్టిన ఒక మనిషి ఆధునిక ఈజిప్టులోని అతి పెద్ద రాజకీయ పార్టీకి 15 ఏళ్ళు ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. పలుమార్లు ఆర్థిక మంత్రిగా పనిచేశారు. ఆయన మాట్లాడితే వినడానికి లక్షలాది ముస్లింలు వచ్చేవారు. ఆయన పేరు మక్రం ఉబైద్. మన తెలుగు సంఘాల్లో ఈ పేరు విన్నవారు తక్కువ. అయినా ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచాలని మేము అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన మధ్య ఒక ప్రశ్న లేస్తుంది. విశ్వాసి రాజకీయాల్లోకి వెళ్తే ఎవరి తరఫున నిలబడాలి? తన సంఘం తరఫునా, ఊరందరి తరఫునా? మక్రం ఈ ప్రశ్నకు తన జీవితమంతా పెట్టి జవాబు చెప్పారు. ఆ జవాబులో గొప్ప వెలుగు ఉంది. మనం జాగ్రత్తగా చూడవలసిన నీడ కూడా ఉంది.

మక్రం 1889లో ఎగువ ఈజిప్టులోని కెనా పట్టణంలో పుట్టారు. నైలు నది ఒడ్డున ఉండే ఆ ప్రాంతంలో కోప్తుల కుటుంబాలు ఎక్కువ. తల్లిదండ్రులు పెట్టిన పేరు విలియం మక్రం. బ్రిటిష్ వారు 1882లో ఈజిప్టును ఆక్రమించుకున్నాక అక్కడ చాలామంది పిల్లలకు ఆంగ్ల పేర్లు వచ్చాయి. మన దగ్గర మిషన్ కాంపౌండ్లలో విలియంలు, జార్జిలు, విక్టోరియాలు పుట్టిన కాలమే అది. తర్వాత రోజుల్లో ఆయన విలియం అన్న పేరును పక్కన పెట్టి మక్రం అనే పేరుతోనే నిలిచారు. అస్యూత్‌లో అమెరికన్ మిషనరీలు నడిపిన విద్యాసంస్థలో చదివారు. అక్కడి నుంచి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుకు వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. ఆ తర్వాత ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉన్నత పట్టా తీసుకున్నారు.

ఆయన యువకుడిగా ఉన్న ఆ రోజుల్లోనే ఈజిప్టులో క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య పెద్ద అగాధం ఏర్పడింది. 1910లో ప్రధానమంత్రిగా ఉన్న కోప్తు నాయకుడు బుత్రోస్ ఘాలీని ఒక యువ జాతీయవాది కాల్చి చంపాడు. ఆ హత్యకు కారణాలు రాజకీయమైనవే. బ్రిటిష్ వారితో కలిసి నడిచాడన్నది ఆయన మీద ఆరోపణ. కానీ చనిపోయినవాడు క్రైస్తవుడు, చంపినవాడు ముస్లిం. పత్రికలు ఆ మంటకు ఆజ్యం పోశాయి. 1911లో కోప్తులు అస్యూత్‌లో మహాసభ పెట్టుకుని తమ కోరికలను ప్రభుత్వం ముందు పెట్టారు. ఆదివారం సెలవు, ఉద్యోగాల్లో అర్హతను బట్టి అవకాశం, చట్టసభల్లో ప్రాతినిధ్యం వాటిలో ఉన్నాయి. వెంటనే ముస్లిం నాయకులు కైరో దగ్గర మరో మహాసభ పెట్టి వాటికి జవాబు చెప్పారు. ఒకే నది నీళ్ళు తాగే ప్రజలు రెండు పందిళ్ళ కింద కూర్చున్నారు.

ఆ పరిస్థితిలో ఇంగ్లండులో చదువుకుని వచ్చిన ఒక క్రైస్తవ యువకుడికి అన్నిటికంటే సులువైన దారి ఏది? బ్రిటిష్ వారి నీడలో ఉద్యోగం చేసుకోవడం. మక్రం మొదట ఆ దారిలోనే నడిచారు. న్యాయశాఖలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ న్యాయ సలహాదారుకు కార్యదర్శి అయ్యారు. కానీ ఈజిప్టు భవిష్యత్తు గురించి ఆ సలహాదారు వేసిన ప్రణాళిక ఆయనకు అన్యాయంగా తోచింది. దేశ ప్రజల హక్కులను సమర్థిస్తూ ఒక పత్రం రాశారు. ఆ ఉద్యోగం పోయింది. కొంతకాలం న్యాయ కళాశాలలో పాఠాలు చెప్పారు.

ఇంతలో యుద్ధం ముగిసింది. 1918 నవంబరులో సాద్ జగ్లూల్ అనే నాయకుడు మరో ఇద్దరితో కలిసి బ్రిటిష్ హైకమిషనర్ దగ్గరకు వెళ్ళి, ఈజిప్టుకు స్వాతంత్ర్యం కావాలని అడిగాడు. ప్రపంచ శాంతి సభకు ప్రతినిధి బృందంగా వెళ్ళడానికి అనుమతి కోరాడు. అరబ్బీలో ప్రతినిధి బృందాన్ని వఫ్ద్ అంటారు. ఆ మాటే ఒక పార్టీ పేరుగా స్థిరపడిపోయింది. మొదట ఆ బృందంలో కోప్తులు లేరు. తమకూ ఈ దేశంలో వంతు ఉందని కోప్తు పెద్దలు అడిగారు. జగ్లూల్ సంతోషంగా చేర్చుకున్నాడు. 1919 మార్చిలో బ్రిటిష్ వారు ఆయనను పట్టుకుని మాల్టా ద్వీపానికి పంపేసరికి దేశమంతా వీధుల్లోకి వచ్చింది.

ఆ విప్లవంలో కనిపించిన దృశ్యాలు మన ఊహకు అందనివి. ఒకే జెండా మీద నెలవంక, సిలువ పక్కపక్కన నిలిచాయి. సెర్గియస్ అనే కోప్తు పాదిరి ముస్లిం ప్రపంచంలో అతి ప్రసిద్ధమైన అల్ అజ్హర్ మసీదులోకి వెళ్ళి అక్కడి వేదిక మీద నుంచి ప్రసంగించాడు. ముస్లిం పండితులు చర్చిల్లోకి వచ్చి మాట్లాడారు. ఎనిమిదేళ్ళ క్రితం రెండు పందిళ్ళ కింద కూర్చున్న వారే ఇప్పుడు చేతులు కలిపి నడిచారు. ఆ ఐక్యత ఆకాశం నుంచి ఊడిపడలేదు. మాకు వంతు ఉందని అడిగినవారూ ఉన్నారు, రండి అని చోటు ఇచ్చినవారూ ఉన్నారు. ఆ రెండూ జరిగాయి కాబట్టే అది సాధ్యమైంది.

మక్రం ఈ ఉద్యమంలోకి వచ్చి జగ్లూల్‌కు కొడుకులా మారారు. జనం ఆయనను సాద్ కుమారుడు అనే పిలిచేవారు. 1921 డిసెంబరులో బ్రిటిష్ వారు జగ్లూల్‌ను రెండోసారి అరెస్టు చేశారు. ఈసారి ఆయనతోపాటు మరో ఐదుగురిని హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవులకు పంపారు. ఆ ఆరుగురిలో నలుగురు ముస్లింలు, ఇద్దరు కోప్తులు. కోప్తుల్లో ఒకరు సినూత్ హన్నా, మరొకరు 32 ఏళ్ళ మక్రం. ఆ నలుగురు ముస్లింలలో ముస్తఫా నహ్హాస్ అనే న్యాయవాది ఉన్నాడు. సముద్రం మధ్యలో, ఇళ్ళకు వేల మైళ్ళ దూరంలో, నహ్హాస్‌కూ మక్రంకూ మధ్య స్నేహం ముడిపడింది. 20 ఏళ్ళు ఆ స్నేహం ఒక దేశ రాజకీయాలను నడిపించింది. అది తెగినప్పుడు కూడా దేశం మొత్తం ఆ చప్పుడు విన్నది.

వారు ప్రవాసంలో ఉండగానే ఇక్కడ ఒక ముఖ్యమైన మలుపు వచ్చింది. 1922 ఫిబ్రవరి 28న బ్రిటన్ ఈజిప్టుకు స్వాతంత్ర్యం ప్రకటించింది. కానీ నాలుగు విషయాలను తన చేతిలోనే ఉంచుకుంది. వాటిలో ఒకటి విదేశీయుల, అల్పసంఖ్యాకుల రక్షణ. అంటే, ఈజిప్టు క్రైస్తవులను కాపాడటానికి మేమున్నాం అని బ్రిటిష్ వారు చెప్పినట్టు. ఆ మాట పైకి ఎంతో దయగా కనిపిస్తుంది. కానీ కోప్తులకు అందులోని ఉచ్చు కనిపించింది. పరాయి పాలకుడు నిన్ను కాపాడతానంటే, నీ పొరుగువాడి దృష్టిలో నీవు ఆ పాలకుడి మనిషివి అవుతావు. ఆ పాలకుడు ఓడ ఎక్కి వెళ్ళిపోయిన రోజున నీవు ఎవరి మనిషివి?

వెంటనే రాజ్యాంగ రచన మొదలైంది. పార్లమెంటులో కోప్తులకు ప్రత్యేక స్థానాలు ఉండాలని ఒక కోప్తు సభ్యుడే ప్రతిపాదించాడు. ఆయన వాదనలో బలం లేకపోలేదు. జనాభాలో పదో వంతు కూడా లేని వారికి ఓట్ల పెట్టెలో న్యాయం దొరుకుతుందని హామీ ఏమిటి అని ఆయన అడిగాడు. అయినా వఫ్ద్‌లోని కోప్తు నాయకులు, వారితోపాటు సంఘంలో ఎక్కువమంది, ఆ ప్రతిపాదనను వద్దన్నారు. మేము ఈజిప్టువారిగా గెలుస్తాం లేదా ఓడిపోతాం, అతిథులుగా మాత్రం కూర్చోము అన్నది వారి వైఖరి. 1923 రాజ్యాంగం ప్రత్యేక స్థానాలు లేకుండానే వచ్చింది.

ఇది మనకు పరాయి చర్చ కాదు. 1935 చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్ర శాసనసభలో భారతీయ క్రైస్తవులకు 8 ప్రత్యేక స్థానాలు ఉండేవి. సర్కారు జిల్లాల్లో, రాయలసీమలో ఓటు హక్కు ఉన్న మన పెద్దలు క్రైస్తవ ఓటర్లుగానే ఓటు వేసిన కాలం అది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షుడిగా ఉన్న క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ వంటివారు మతం పేరుతో ప్రత్యేక స్థానాలు వద్దని ముందుకు వచ్చారు. కోప్తులు పాతికేళ్ళ ముందు తీసుకున్న నిర్ణయమే అది. ఈ నిర్ణయం రెండు చోట్లా ధైర్యంతో తీసుకున్నదే. దానికి చెల్లించిన వెల ఏమిటో మాత్రం రెండు చోట్లా తర్వాతే తెలిసింది.

1924 జనవరి ఎన్నికల్లో వఫ్ద్ పార్టీకి పదింట తొమ్మిది వంతుల స్థానాలు వచ్చాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాల్లో కోప్తు అభ్యర్థులు గెలిచారు. ప్రధాని అయిన జగ్లూల్ తన మంత్రివర్గంలోకి ఇద్దరు కోప్తులను తీసుకున్నాడు. వారిలో ఒకరు విదేశాంగ మంత్రి. హత్యకు గురైన బుత్రోస్ ఘాలీ కుమారుడే ఆయన. రెండో మంత్రి ముర్కుస్ హన్నా. ఆయన కుమార్తె ఐదాను మక్రం వివాహం చేసుకున్నారు. 1927 ఆగస్టులో జగ్లూల్ చనిపోయాక పార్టీ పగ్గాలు నహ్హాస్ చేతికి వచ్చాయి. ప్రధాన కార్యదర్శి పదవి మక్రంకు వచ్చింది. సేషెల్స్ దీవుల్లో కలిసి దుఃఖపడిన ఇద్దరు ఇప్పుడు దేశంలోని అతి పెద్ద పార్టీని కలిసి నడుపుతున్నారు.

వఫ్ద్‌కు జనం ఓట్లు ఉన్నాయి కానీ అధికారం నిలిచింది లేదు. రాజభవనానికి ప్రజల పార్టీ అంటే భయం. బ్రిటిష్ వారికి అనుమానం. ఓట్లు లేని చిన్న పార్టీలకు అసూయ. 1924 నుంచి 1952 వరకు 28 ఏళ్ళలో వఫ్ద్ అధికారంలో ఉన్నది అన్నీ కలిపి ఎనిమిదేళ్ళకు మించలేదు. 1930లో ఇస్మాయిల్ సిద్కీ ప్రధాని అయ్యి పార్లమెంటు తలుపులకు గొలుసులు వేయించాడు. సభాపతి విస్సా వాసిఫ్, ఆయన కూడా కోప్తే, ఆ గొలుసులను తెంచమని ఆజ్ఞ ఇచ్చి సభ్యులను లోపలికి తీసుకువెళ్ళాడు. అదే ఏడాది మన్సూరా పట్టణంలో ఒక సైనికుడు నహ్హాస్ మీదికి బాయినెట్టు ఎత్తాడు. పక్కనే ఉన్న సినూత్ హన్నా అడ్డుపడి ఆ గాయం తన మీద వేసుకున్నాడు. ముస్లిం నాయకుడి కోసం క్రైస్తవ మిత్రుడు రక్తం చిందించాడు. ఆ ఒక్క సంఘటన వంద ఉపన్యాసాలు చేయలేని పని చేసింది.

మక్రం ఆయుధం మాత్రం మాటే. అరబ్బీ భాషలో ఆయనకు ఉన్న పట్టు అసాధారణం. ఖురాను భాష ఆయనకు బాగా తెలుసు. సభల్లో దాని పలుకుబడిని సహజంగా వాడేవారు. పల్లెటూరి ముస్లిం రైతుకు ఆయన పరాయివాడిలా వినిపించలేదు. తన గురించి ఆయన చెప్పుకునే మాట ఒకటి ఈజిప్టులో నేటికీ గుర్తుంది. మతం విషయంలో తాను క్రైస్తవుణ్ణి, మాతృభూమి విషయంలో ముస్లింని అని దాని భావం.

ఈ మాట చదివి మనలో కొందరు ఆగిపోవచ్చు. విశ్వాసి ఇలా అనవచ్చా అని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కానీ ఆయన తన విశ్వాసాన్ని దాచుకోలేదు, మార్చుకోలేదు. ఆ వాక్యంలో మొదటి సగంలోనే దాన్ని చెప్పారు. తాను పుట్టి పెరిగిన భాష, పాట, పండుగ, పొరుగువారి మర్యాద అన్నీ ఇస్లాం నాగరికతలో నానినవే అని రెండో సగంలో ఒప్పుకున్నారు. మన విషయానికి వస్తే, మనం మాట్లాడే తెలుగు, మన వంటిళ్ళు, పెళ్ళిళ్ళలో మన బంధువుల పిలుపులు అన్నీ మన పొరుగువారితో పంచుకున్నవే కదా. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాసినప్పుడు, మీరున్న పట్టణం క్షేమాన్ని కోరండని చెప్పాడు. ఆ పట్టణం యెరూషలేము కాదు. అయినా దాని క్షేమంలోనే వారి క్షేమం ఉంది.

1936 ఎన్నికల్లో వఫ్ద్ మళ్ళీ గెలిచింది. ఆ ఏడాది ఆగస్టులో లండన్‌లో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలు చేసిన బృందంలో మక్రం ఉన్నారు. ఆయన ఎదిగినకొద్దీ ఎదుటివారి బాణాలు ఆయన మతం వైపు తిరిగాయి. 1928లో ఇస్మాయిలియా పట్టణంలో హసన్ అల్ బన్నా అనే బడిపంతులు ముస్లిం బ్రదర్‌హుడ్ సంస్థను ప్రారంభించాడు. దేశానికి మతమే పునాది కావాలన్న ఆ సంస్థ 1930లలో వేగంగా పెరిగింది. ఆ గాలి వాటాన్ని రాజభవనమూ, వఫ్ద్ ప్రత్యర్థి పార్టీలూ గమనించాయి. 1937, 1938లలో వఫ్ద్‌ను కోప్తులు నడుపుతున్నారనీ, నహ్హాస్ మక్రం చేతిలో బొమ్మ అనీ విస్తారంగా ప్రచారం చేశాయి. ఆ ప్రచారం చేసినవారిలో చాలామంది భక్తిపరులు కారు. ఓట్లు లేనివారు మతాన్ని ఓట్ల కోసం వాడుకోవడం ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటుంది.

కానీ ఇక్కడ మనం మక్రం తప్పును కూడా చూడాలి. పార్టీ మీద నహ్హాస్, మక్రంల పట్టు అతిగా బిగిసింది. భిన్నంగా మాట్లాడిన పాత సహచరులకు చోటు లేకుండా పోయింది. జగ్లూల్ కాలం నుంచి ఉన్న మహమూద్ ఫహ్మీ నుక్రాషీ, అహ్మద్ మాహిర్ ఇద్దరినీ పార్టీ నుంచి బయటకు పంపారు. వారు సాద్ పేరుతోనే సాదిస్టు పార్టీ పెట్టుకున్నారు. 1937 డిసెంబరులో యువరాజు నుంచి కొత్తగా రాజైన ఫరూఖ్ వఫ్ద్ ప్రభుత్వాన్ని తొలగించాడు. ఒకప్పుడు అందరికీ చోటిచ్చి పెరిగిన పార్టీ, చోటు తగ్గించుకుంటూ పోయింది. అలా తలుపులు మూసినవారిలో మక్రం ఒకరు. ఐదేళ్ళ తర్వాత అదే తలుపు ఆయన ముఖం మీద మూసుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం ఈజిప్టు ఎడారిలోకి వచ్చింది. 1942 ఫిబ్రవరి 4న బ్రిటిష్ రాయబారి ట్యాంకులతో రాజభవనాన్ని చుట్టుముట్టి, నహ్హాస్‌ను ప్రధానిని చేయాలని, లేదంటే సింహాసనం దిగాలని రాజు ఫరూఖ్‌తో చెప్పాడు. రాజు లొంగాడు. నహ్హాస్ ప్రధాని అయ్యాడు, మక్రం ఆర్థిక మంత్రి అయ్యారు. బ్రిటిష్ వారిని వెళ్ళగొట్టడానికి పుట్టిన పార్టీ బ్రిటిష్ ట్యాంకుల వెనుక అధికారంలోకి వచ్చింది. ఆ రోజు వఫ్ద్ మీద పడిన మచ్చ మళ్ళీ పోలేదు.

యుద్ధకాలంలో సరుకులకు కొరత. ఎగుమతి అనుమతి చేతిలో ఉంటే రాత్రికి రాత్రి ధనవంతులు కావచ్చు. నహ్హాస్ 1934లో జైనబ్ అల్ వకీల్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె బంధువులకు అనుమతులు, ఉద్యోగాలు, ప్రత్యేక వెసులుబాట్లు కావాలని ఒత్తిడి వస్తోందని మక్రం అన్నారు. ఆర్థిక మంత్రిగా తాను వాటికి అడ్డు నిలిచానని చెప్పారు. స్నేహితుల మధ్య మాటలు తగ్గాయి. 1942 మే నెలలో నహ్హాస్ రాజీనామా చేసి, మక్రం లేకుండా మళ్ళీ మంత్రివర్గం ఏర్పాటు చేసుకున్నాడు. కొద్ది వారాల్లో పార్టీ నుంచి కూడా ఆయనను బహిష్కరించారు. మక్రం తన వెంట వచ్చినవారితో కుత్లా అనే కొత్త పార్టీ పెట్టారు.

1943లో ఆయన నహ్హాస్ ప్రభుత్వ అవినీతి అంటూ ఆరోపణలన్నీ గుదిగుచ్చి ఒక గ్రంథం రాసి రాజుకు సమర్పించారు. దానికి నల్ల పుస్తకం అని పేరు. రహస్యంగా అచ్చయి చేతులు మారుతూ దేశమంతా పాకింది. పార్లమెంటులో నహ్హాస్‌కు మెజారిటీ ఉంది. ఆరోపణలను తోసిపుచ్చి, మక్రంనే సభ నుంచి వెళ్ళగొట్టారు. 1944లో అరెస్టు చేశారు. సేషెల్స్‌లో ఒకే ప్రవాసాన్ని పంచుకున్న ఇద్దరిలో ఒకడు ఇప్పుడు రెండోవాడిని బంధించాడు.

ఈ ఘట్టం దగ్గర మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. ప్రజాధనం దారి తప్పుతుంటే చూస్తూ ఊరుకోవడం విశ్వాసి పని కాదు. తన సొంత పార్టీ, తన ప్రాణ స్నేహితుడు అని నోరు మూసుకోకపోవడం చిన్న ధైర్యం కాదు. అయితే నాతాను ప్రవక్త దావీదు తప్పును దావీదు ముఖం ముందే చెప్పాడు. దావీదు పతనం కోరే రాజు దగ్గరకు ఆ సంగతిని మోసుకుపోలేదు. మక్రం తన పత్రాన్ని ఎవరి చేతిలో పెట్టారు? ట్యాంకుల అవమానానికి నహ్హాస్ మీద పగ తీర్చుకోవాలని ఎదురుచూస్తున్న రాజు చేతిలో. ఆ రాజుకు అవినీతి మీద కోపం లేదు. తనకు ఎదురు నిలిచిన ప్రజల పార్టీ విరిగిపోతే చాలు. మక్రం మాటల్లో సత్యం ఉండవచ్చు. గాయపడిన మనసు కూడా ఉంది. సత్యాన్ని గాయంతో కలిపి శత్రువు చేతికి ఇచ్చినప్పుడు, దానితో ఇల్లు శుభ్రం కాదు, కూలిపోతుంది.

1944 అక్టోబరులో యుద్ధం ఈజిప్టు నుంచి దూరం కాగానే రాజు నహ్హాస్‌ను తొలగించాడు. మక్రం చెరసాల నుంచి బయటకు వచ్చి కొత్త ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. చెరసాల నుంచి ఫరో కొలువుకు వెళ్ళిన యోసేపు మనకు గుర్తుకు రావచ్చు. కానీ ఆ పోలిక ఎక్కువ దూరం పోదు. యోసేపు వెనుక అన్నలకు పెట్టిన అన్నం ఉంది, వారిని క్షమించిన కన్నీరు ఉంది. మక్రం చేరిన ప్రభుత్వానికి జనం బలం లేదు, రాజభవనం దయ మాత్రమే ఉంది. 1946లో అక్కడి నుంచీ బయటకు వచ్చారు. ఆయన పార్టీ చిన్నదిగానే మిగిలిపోయింది. ఆయన లేని వఫ్ద్‌లో కోప్తుల గొంతు కూడా మెల్లగా తగ్గింది.

ఆ చీకటి రోజుల్లో కూడా ఆయన చేసిన ఒక పని మనం మరువకూడదు. 1948 డిసెంబరులో ముస్లిం బ్రదర్‌హుడ్‌ను నిషేధించిన ప్రధాని నుక్రాషీని ఆ సంస్థ యువకుడొకడు కాల్చి చంపాడు. 1949 ఫిబ్రవరిలో ప్రతీకారంగా హసన్ అల్ బన్నాను కైరో వీధిలో కాల్చి చంపారు. ప్రభుత్వం అంత్యక్రియలకు ఎవరినీ రానివ్వలేదు. ముసలి తండ్రి, ఇంటి ఆడవాళ్ళు తప్ప శవపేటికను మోయడానికి మగవాళ్ళు లేరు. ఆ ఇంటికి వెళ్ళి ఆ దుఃఖంలో నిలబడిన రాజకీయ నాయకుడు మక్రం ఉబైద్ అని ఈజిప్టు చరిత్రలు చెబుతాయి. తన మతాన్ని చూపి తన పార్టీని తిట్టిన కాలంలో పెరిగిన ఉద్యమం అది. ఆ ఉద్యమ స్థాపకుడి సమాధి దగ్గరకు ఒక క్రైస్తవుడు వెళ్ళాడు. ఆయన ఆ ఆలోచనలతో ఏకీభవించినందుకు వెళ్ళలేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి ఒంటరిగా ఉన్నాడు, అంతే. సువార్తలో దోపిడీకి గురైనవాడి గాయాలు కట్టిన సమరయుడు కూడా ముందు కులం అడగలేదు.

1952 జూలై 23న సైనికాధికారులు అధికారాన్ని చేజిక్కించుకున్నారు. 1953 జనవరిలో రాజకీయ పార్టీలన్నిటినీ రద్దు చేశారు. వఫ్ద్ పోయింది, కుత్లా పోయింది. కొత్త పాలకుల విప్లవ మండలిలో ఒక్క కోప్తు కూడా లేడు. పార్టీలు లేని దేశంలో, ముస్లిం పొరుగువారి ఓటుతో గెలిచి సభకు వెళ్ళే దారి కోప్తులకు దాదాపు మూసుకుపోయింది. 1964 నుంచి పార్లమెంటులో పదిమందిని నియమించే అధికారాన్ని దేశాధ్యక్షుడికి ఇచ్చారు. ఆ నియామకాల్లో కోప్తులకు చోటు దొరికేది. 1923లో ప్రత్యేక స్థానాలు వద్దని తలెత్తి చెప్పిన సంఘం, 40 ఏళ్ళ తర్వాత పాలకుడి దయతో వచ్చే కుర్చీలకు ఎదురుచూడవలసి వచ్చింది. మక్రం దాన్ని చూడలేదు. 1961 జూన్ 5న ఆయన 71 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మరి కోప్తులు 1923లో పొరపాటు పడ్డారా? మేము అలా అనుకోవడం లేదు. 1919 నుంచి 1942 వరకు ఈజిప్టు క్రైస్తవులు దేశ జీవితంలో నిలిచినంత గౌరవంగా అంతకు ముందూ తర్వాతా అరుదుగా నిలిచారు. ప్రత్యేక స్థానాలు ఆ గౌరవాన్ని ఇవ్వగలిగేవి కావు. దాన్ని సంపాదించింది అందరి కోసం పడిన కష్టం. సేషెల్స్ ప్రవాసం, మన్సూరాలో కారిన రక్తం, తెగిన పార్లమెంటు గొలుసులు. కానీ ఆ గౌరవమంతా ఒక్క పార్టీ మీద, ఆ పార్టీలో ఒక్క స్నేహం మీద వేలాడింది. ఆ స్నేహం తెగగానే కట్టడం కదిలింది. అందరికీ సమానంగా న్యాయం చేసే వ్యవస్థలు బలంగా లేకపోతే, మంచి నాయకుల మధ్య ఉండే మంచితనం ఒక తరాన్ని దాటి నిలవదు.

మన సంఘాల్లో రాజకీయాల్లోకి వెళ్ళే సహోదరీ సహోదరులు పెరుగుతున్నారు. పంచాయతీ వార్డుల నుంచి శాసనసభ వరకు ఉన్నారు. వారి కోసం ప్రార్థించేటప్పుడు, మన వాడు గెలిస్తే చాలు అని ఆగిపోవద్దు. ఊరిలో నీళ్ళు రాని ఇల్లు ఏ మతానిదైనా అక్కడికి వెళ్ళే మనసు ఇవ్వమని అడుగుదాం. తమ పార్టీలో తప్పు జరిగితే ముఖం ముందే చెప్పే ధైర్యం, ఆ సత్యాన్ని పగవాడికి అమ్మని నిగ్రహం ఇవ్వమని అడుగుదాం. ఒంటరిగా మిగిలిన పొరుగువాడి గుమ్మం ముందు, అతడు మనల్ని తిట్టినవాడైనా సరే, నిలబడే ప్రేమ ఇవ్వమని అడుగుదాం. నైలు ఒడ్డున నేటికీ ఆరాధన చేస్తున్న కోప్తు సహోదరులను కూడా ఈ వారం కుటుంబ ప్రార్థనలో పేరు పెట్టి జ్ఞాపకం చేసుకుందాం.